వాలని అక్షరాలు

మార్చి 4, సోమవారం

ఈ పుస్తకంలో కొటేషన్ గుర్తులు పెట్టను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ట్రైనింగ్ కాలేజీ పిల్లల కాగితాల్లో వాటిని ఏరడమే నా పని. ఇంటికొచ్చి నాకోసం నేను రాసుకునే నాలుగు ముక్కల్లో కూడా వాటికి చోటివ్వడం నావల్ల కాదు. ఎవరేమన్నారో నాకు తెలుసు, అది చాలు.

ఈరోజు ఒళ్ళు మండిపోయింది. ఫైనల్ రిపోర్టుల కట్టలో పదకొండోది కామాది. కామా అని పేరు పెట్టింది నేనే. మూడు మాటలకొక కామా పెడుతుంది, పరుగెత్తుకొచ్చి ఆయాసపడుతూ చెప్తున్నట్టు ఉంటుంది ఆ రాత. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. తొమ్మిదేళ్ళు పసిపిల్లల కేంద్రంలో ఆయాగా చేసి, టీచర్ అవుదామని మా దగ్గర చేరింది. ఒకటో తరగతి పిల్లలు రాతలో చేసే తప్పుల మీద రిపోర్టు రాసింది.

ఇరవై ఆరో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగాను. తప్పు రాసిన పిల్లను కొట్టివేతతో పలకరించకూడదు, ముందు ఇలా ఎవరు నేర్పారమ్మా అని అడగాలి. ఫరవాలేదే, ఈ వాక్యం ఊపిరి తీసుకుంటోందే అనుకున్నాను. ఆ తర్వాత తెలిసింది, అది నా వాక్యం. ఇరవై రెండేళ్ళ కిందట టీచర్ల పత్రికలో నేను రాసిన వ్యాసంలోది. దాని కింద ఇంకొకటి, అదీ నాదే. తర్వాతి పేజీలో పేరా మొత్తం నాదే. ముప్ఫై ఒక్క చోట్లని లెక్క తేలింది. చుట్టూ గుర్తుల్లేవు, పక్కకి ఒరిగే వాలు అక్షరాల్లేవు, ఎవరన్నారో లేదు. రిపోర్టు చివర పుస్తకాల జాబితాలో ఇరవై పేర్ల మధ్య నా పేరు ఇరికించింది.

నా ఇంట్లో దూరి, నా చీర కట్టుకుని, నాకే ఎదురొచ్చినట్టుంది. ఊరుకునేది లేదు.

మార్చి 5, మంగళవారం

ఫిర్యాదు రాసిచ్చాను. రెండు పేజీలు.

ప్రిన్సిపాల్ గారికి గొడవలంటే భయం. ఏ ఫైలైనా అందులో తేలు ఉన్నట్టు వేలి కొనతో తెరుస్తారు. పిలిచి గట్టిగా మందలిస్తే సరిపోదా మేడమ్ అన్నారు. సరిపోదన్నాను. రిపోర్టు రద్దయితే ఈ ఏడు సర్టిఫికెట్ రాదు కదండీ, ఆవిడకి స్కూల్లో ఉద్యోగం కూడా వచ్చింది, ముప్ఫై ఒకటో తేదీలోగా సర్టిఫికెట్ చూపించాలట, వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది, ఇంక ఎవరూ తీసుకోరు, ఒక్కసారి ఆలోచించండి అన్నారు. ఆలోచించాల్సింది ఆవిడ, అదీ రాసేముందు అన్నాను.

కమిటీ వేశారు. ప్రిన్సిపాల్, కొత్తావిడ, నేను.

కొత్తావిడ వచ్చి రెండేళ్ళయింది, నాకింకా కొత్తే. పద్నాలుగేళ్ళుగా ఈ కాలేజీలో ఎవరు ఎలా రాయాలో చెప్పేది నా చేతిపుస్తకం. నలభై పేజీలు. ఆవిడ ఒకే ఒక్క కాగితం పట్టుకొచ్చింది. చిన్న వాక్యమైతే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి, పెద్ద పేరా అయితే లోపలికి జరిపి విడిగా రాయండి, వాలు అక్షరాలు పుస్తకాల పేర్లకీ పత్రికల పేర్లకీ ఉంచండి. అయిపోయింది. ఇంతేనా చదువు! నా పుస్తకంలో నియమం వేరు. నోటితో అన్న మాటకు గుర్తులు, రాసిన మాటకు వాలు అక్షరాలు. గొంతూ కాగితమూ ఒకటి కావు కదా. ఫిబ్రవరి మీటింగులో ఎవరికీ ఇది ఎక్కలేదు. ఈ ఏడు పిల్లలు ఏ పద్ధతైనా వాడొచ్చని, వచ్చే ఏటి నుంచి ఆ ఒక్క కాగితమేనని తీర్మానించారు. పైగా చప్పట్లు కొట్టారు.

ఫిర్యాదు చేసినావిడే కమిటీలో కూర్చుంటే ఎలాగండీ అని కొత్తావిడ అడిగిందట. ఎలాగో చూపిస్తాను.

మార్చి 6, బుధవారం

నేను చేసింది న్యాయమే.

మార్చి 7, గురువారం

విచారణ. ప్రిన్సిపాల్ గది. ఫ్యాను గాలికి నా ఫిర్యాదు ఎగిరిపోకుండా దాని మీద స్టేప్లర్ పెట్టారు.

కామా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇలా గుర్తుల్లేకుండా రాయమని ఎవరు చెప్పారమ్మా అని కొత్తావిడ మెల్లగా అడిగింది. ఎంత మెత్తదనమో, వెన్న రాసినట్టు. కామా నావైపు చూసింది. చిత్తుప్రతిలో పెట్టాను మేడమ్, అన్నిటికీ పెట్టాను, మీరే కొట్టేశారు, పక్కన వాలు అక్షరాలు అని రాశారు అంది.

నాకు నవ్వొచ్చింది. మరి ఆ వాలు అక్షరాలేవీ అన్నాను. టైపు షాపులో మీరు దిద్దింది దిద్దినట్టే చూపించాను మేడమ్, ఆయన ఇలా కొట్టిచ్చాడు అంది. నువ్వు చూసుకోలేదా అన్నాను. చూశాను, పెన్నుతో గుర్తులు మళ్ళీ పెడదామనుకున్నాను, కానీ మీరు రాసింది చదివి ధైర్యం చాల్లేదు అంది. నేనేం రాశాను అన్నాను. కామా తల దించుకుంది. పెద్దవాళ్ళ ముందు చెప్పలేను మేడమ్, చిత్తుప్రతి మీ దగ్గరే ఉంది కదా, చూడండి అంది.

మా దగ్గర ఫైనల్ ఇచ్చేటప్పుడు చిత్తుప్రతి కూడా గైడుకి, అంటే నాకు, తిరిగిచ్చెయ్యాలి. దిద్దినవన్నీ సరిచేశారో లేదో పక్కపక్కన పెట్టి చూడ్డానికి. ఆ నియమమూ నా పుస్తకంలోదే. నలభై మందివి పక్కపక్కన పెట్టుకుని ఎవరు కూర్చుంటారు? ప్రిన్సిపాల్ అడిగితే, అవన్నీ చిత్తుకాగితాల్లో పంపించేశానండీ అన్నాను. అప్పటికి అలాగే గుర్తు.

ఇరవయ్యో తేదీకి వాయిదా వేశారు. ఈలోపు ఇద్దరూ ఏమన్నా దొరుకుతుందేమో వెతుక్కోండి అన్నారు. ఇద్దరూ అట!

మార్చి 9, శనివారం

కాలేజీకి సెలవు. వెళ్ళి నా గదిలో అలమర సర్దాను. దుమ్ము. ఇంకేం లేదు.

మార్చి 10, ఆదివారం

అత్తయ్య ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసింది. ఆవిడ ముందు తుమ్మాలన్నా భయమే, ఎందుకు తుమ్మానో నాకంటే ముందు చెప్పేస్తుంది. మా ఆయన క్యాంపు నుంచి ఇంకో నెలకి గానీ రారు, కాబట్టి ఆవిడ దృష్టంతా నా మీదే.

నిన్న సెలవు రోజు పనిగట్టుకుని కాలేజీకెందుకెళ్ళావే అంది. అలమర సర్దడానికి అన్నాను. బట్టలు మడతపెడుతూనే, మా వార్డులో ఒక పిల్ల ఉండేదిలే, ఒకరోజు ఒక సీసా బదులు ఇంకో సీసా తీసింది, ఎవరికీ ఏం కాలేదనుకో, కానీ ఆ రోజు నుంచీ అలమర సర్దుతూనే ఉండేది, తుడిచిన సీసానే తుడిచేది అంది. అయితే ఏమంటారు అత్తయ్యా అన్నాను. నేనేమన్నానే, దుప్పటి రెండో కొస పట్టుకో అంది.

పట్టుకున్నాను. దులపడంలో కావాలనే గట్టిగా లాగాను. ఆవిడ చేతిలోంచి జారలేదు, ఆ ముసలి పిడికిలికి ఎంత బలమో.

మార్చి 11, సోమవారం

టైపు షాపుకు వెళ్ళాను. గేటు ఎదురుగా, జెరాక్స్ యంత్రం వెనక ముక్కు మీద కళ్ళజోడుతో కూర్చుంటాడు ఆయన. కాలేజీ పిల్లలందరి రిపోర్టులూ ఆయన చేతి మీదుగానే వస్తాయి. కామా చెప్పింది అబద్ధమని ఆయన నోటితో రాసివ్వమందామని నా ఆలోచన.

వాలు అక్షరాలు అని నేను రాసిన చోట మామూలు అక్షరాలు ఎందుకు కొట్టావయ్యా అని అడిగాను. ఆయన వింతగా చూశాడు. వాలవు మేడమ్ అన్నాడు. ఏం వాలవు? ఈ అక్షరాలు వాలవు మేడమ్, మిషన్ మార్చినప్పుడు ఫాంటూ మారింది, అందులో వాలు లేదు, బలవంతంగా వాల్చితే ఒత్తులన్నీ కిందికి జారిపోయి పక్క అక్షరం మీద పడతాయి, అందుకని మీరు ఎక్కడ రాసినా నేను మామూలుగానే కొట్టేస్తాను అన్నాడు. ఎప్పట్నుంచి అన్నాను. మూడేళ్ళు దాటింది మేడమ్ అన్నాడు.

మూడేళ్ళు! మరి మిగతా పిల్లల సంగతేమిటి అన్నాను. వాళ్ళకి తెలుసు కదా మేడమ్, ఇక్కడే నిలబడి పెన్నుతో గుర్తులు పెట్టుకుని పోతారు, మీరు ఫైనల్ ఏమన్నా చూస్తారా అని నవ్వుకుంటారు. ఈవిడొకతే పెట్టలేదు. పెట్టుకోమ్మా అంటే వద్దండీ, మేడమ్ కోప్పడతారు అంది. పాపం, ఆ కాగితాన్ని మడిచి సంచిలో అడుక్కి పెట్టేసుకుంది మేడమ్.

పాపం అట. పాపాలు లెక్కపెట్టే పని ఈయనకెవరిచ్చారు? సరేనని చెప్పి వచ్చేశాను. ఏమీ రాసివ్వమనలేదు.

మార్చి 12, మంగళవారం

అలమర తాళంచెవి టేబుల్ సొరుగులోంచి తీసి పర్సులో వేసుకున్నాను. సొరుగు సరిగ్గా పడట్లేదు. అందుకే.

మార్చి 13, బుధవారం

స్టాఫ్ రూములో కొత్తావిడ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. అందరూ క్లాసుల్లో ఉన్నారు. మీ అలమర ఒక్కసారి అందరం కలిసి చూస్తే ఏ గొడవా ఉండదు కదండీ అంది.

నాకు దొంగతనం అంటగడుతున్నారా అన్నాను. అయ్యో, ఆ మాట నేనెక్కడన్నాను అంది. అనలేదు, మీరు ఏదీ అనరు, అడుగుతారంతే, మీటింగులోనూ అంతే, పద్నాలుగేళ్ళ పుస్తకాన్ని ఒక్క చిరునవ్వుతో పక్కకి నెట్టేశారు అన్నాను. ఆవిడ మొహం ఎర్రబడింది. చివరికి ఆవిడకీ కోపం వస్తుందని తెలిసి కాస్త తృప్తిగా అనిపించింది.

నాకు మీ పుస్తకంతో పేచీ లేదండీ, మీ పుస్తకంతోనే నేను నా మొదటి వ్యాసం రాశాను, కానీ ఆ మనిషి బతుకు మనిద్దరి పంతంలో పడి నలగకూడదు అంది. మనిద్దరి పంతమట! నాకు పంతమేమిటి? ఆవిడ లేచాక టేబుల్ మీద ఆవిడ మర్చిపోయిన టీ కప్పు ఉంది. తీసి సింకులో గట్టిగా పెట్టాను, చెవి విరిగింది. కప్పు చెవి.

మార్చి 14, గురువారం

కారిడార్లో కామా. దారికి అడ్డంగా నిలబడలేదు, గోడకి ఆనుకుని నిలబడింది. అది ఇంకా చిరాకు.

ఒక్కసారి అలమర చూడండి మేడమ్, నీలం అట్ట, మూలన మా కేంద్రం పిల్ల గీసిన పువ్వు బొమ్మ ఉంటుంది అంది. చూశాను, లేదు అన్నాను. ఇంకోసారి చూడండి మేడమ్ అంది. నేను అబద్ధం చెప్తున్నట్టుందా నీకు అన్నాను. లేదు మేడమ్ అంది, వెంటనే, ఆయా ఉద్యోగంలో అలవాటైన గొంతుతో. పిల్లలు పక్క తడిపితే కూడా ఇలాగే అంటుంది కాబోలు, ఏం కాలేదు, ఏం కాలేదు అని.

మార్చి 16, శనివారం

సరే. రాస్తాను. ఎలాగూ ఎవరూ చదవరు.

తొమ్మిదో తేదీన అలమరలో దుమ్మొక్కటే లేదు. కింది అరలో నలభై చిత్తుప్రతులూ ఉన్నాయి, తాడు కట్టినవి కట్టినట్టే. పైనుంచి పదకొండోది నీలం అట్టది. పువ్వు బొమ్మ కూడా ఉంది. ఐదు రేకులు, ఒకటి పెద్దది.

విప్పి చూశాను. కామా చెప్పింది నిజమే. ప్రతి వాక్యానికీ అటూ ఇటూ గుర్తులు పెట్టింది. ప్రతి దాని చివరా నా పేరు, పత్రిక పేరు, ఏడాది. పత్రిక పేరు కింద, వాలు అక్షరాలకి గుర్తుగా, గీత కూడా గీసింది. ముప్ఫై ఒక్కచోట్లా. ఆ ఒక్క కాగితంలో కొత్తావిడ ఎలా చెప్పిందో అచ్చం అలా. ముప్ఫై ఒక్కచోట్లా ఎర్ర పెన్సిల్ తో వాటిని కొట్టేసింది నేనే. గుర్తులతో పాటు నా పేరూ కొట్టుకుపోయింది, పెన్సిల్ అంత వేగంగా పోయింది. ఒక చోట కాగితం చిరిగింది.

మీటింగు అయిన మర్నాడు దిద్దినవి అవి. నాకు గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే ఎప్పుడూ మర్చిపోలేదు. ఆ రోజు నేను చదవలేదు. ఎవరి వాక్యమో, ఏం చెప్తోందో ఒక్క ముక్క కూడా చదవలేదు. గుర్తులు కనబడటం, కొట్టడం. ప్రతి గుర్తులోనూ కొత్తావిడ మొహమే కనబడింది. నా వాక్యాలను నేనే గుర్తుపట్టలేదు. వాటి చుట్టూ ఆవిడ పద్ధతి ఉంది కాబట్టి అవి నాకు ఆవిడవే. ఇరవై ఆరో పేజీ అంచున ఒక మాట కూడా రాశాను. అదేమిటో ఇక్కడ రాయను.

ఒప్పుకుంటే ఏమవుతుందో తెలుసు. చేతిపుస్తకం పోతుంది. అందరి నోళ్ళలో నానతాను. మూడేళ్ళుగా ఫైనల్ ఒక్కటీ పోల్చి చూడలేదని తేలుతుంది. కొత్తావిడ జాలిపడుతుంది. అది మాత్రం భరించలేను.

సోమవారం ఆ పేజీ చించేస్తాను.

మార్చి 18, సోమవారం

చించలేదు. తీరిక దొరకలేదు.

మార్చి 19, మంగళవారం

తీరిక దొరకలేదు.

అత్తయ్య అడిగింది, ఆ సీసా పిల్ల చివరికి ఏమైందో తెలుసా అని. అడగలేదు నేను అన్నాను.

మార్చి 20, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మళ్ళీ ప్రిన్సిపాల్ గది. నీలం అట్ట నా సంచిలో ఉంది. అలమరలో ఉంచితే కొత్తావిడ తాళం పగలగొట్టిస్తుందేమోనని తెచ్చుకున్నాను, అంతే. కామాకి ఏమీ దొరకలేదు, దొరికే అవకాశమూ లేదు. ప్రిన్సిపాల్ ముందే ఆవిడని పిలిచి ఒక దారి చెప్పారట. తప్పు ఒప్పుకుని క్షమాపణ రాసిస్తే, కాపీ చేసినవాళ్ళకి పడే రెండేళ్ళ బదులు ఒక్క ఏడే రద్దు చేస్తారు. ఏడయినా రెండేళ్ళయినా ఉద్యోగం పోవడం పోవడమే. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు.

కామా ఉత్తరం తెచ్చింది. సొంత దస్తూరి. ప్రిన్సిపాల్ దాన్ని నాముందుకి జరిపి, చదివి కింద మీకు సమ్మతమేనని ఒక సంతకం పెట్టండి మేడమ్, ఫైలు మూసేద్దాం అన్నారు. ఆయన ముఖంలో ఎంత సంతోషమో, తేలు దానంతటదే వెళ్ళిపోతోంది కదా.

చదివాను. అన్నీ కామాలు. నా వ్యాసం పేరు, నా పేరు, పత్రిక పేరు, దాని కింద గీత. నా రిపోర్టులో, మేడమ్ గారి వాక్యాలకు, గుర్తులు పెట్టడం, నేను మర్చిపోయాను, అని ఉంది.

నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదంటే ఎవరూ నమ్మరు. సంతకానికి పర్సులో చెయ్యి పెడితే ఎర్ర పెన్సిల్ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఈ చేతికి ఒకటే పని. తప్పు వాక్యం కనబడితే అది ముందు కొట్టేస్తుంది, తర్వాతే నన్ను అడుగుతుంది. నేను మర్చిపోయాను అన్న రెండు మాటలనీ అడ్డంగా కొట్టేశాను. పైన రాశాను. ఆవిడ మర్చిపోలేదు, పెట్టింది, నేనే కొట్టేశాను.

రాశాక చదువుకున్నాను. మేడమ్ ఇదేమిటి అన్నారు ప్రిన్సిపాల్. కనబడట్లేదా, తెలుగులోనే రాశాను కదా అని కసిరాను. సంచిలోంచి నీలం అట్ట తీసి బల్ల మీద పడేశాను. కొత్తావిడ ఇరవై ఆరో పేజీ తీసింది, అంచున నా మాట చదివింది, మూసేసింది. జాలి పడలేదు. నేను అనుకున్నదానికంటే చెడ్డగా చూసింది. ఆ చూపు నాకు బాగానే ఉంది, దానికి జవాబు చెప్పక్కర్లేదు.

మార్చి 22, శుక్రవారం

చేతిపుస్తకం ఈ ఏటి నుంచే రద్దు. వచ్చే ఏడు నాకు రిపోర్టులు ఇవ్వరు. ప్రిన్సిపాల్ ఇది చెప్పడానికి నాలుగుసార్లు గొంతు సవరించుకున్నారు. సంజాయిషీ రాసిమ్మన్నారు, ఇచ్చాను. పేజీన్నర.

ముప్ఫై ఒకటో తేదీలోగా సర్టిఫికెట్ రావాలంటే రిపోర్టు మళ్ళీ టైపు కొట్టించే వ్యవధి లేదు. అందుకని కామా ఫైనల్లోనే పెన్నుతో గుర్తులూ పేర్లూ పెట్టాలని, ప్రతి దాని పక్కనా నేను పొట్టి సంతకం చెయ్యాలని తేల్చారు. ఈ మధ్యాహ్నం నా గదిలో, ఒకే బల్లకి అటు ఆవిడ, ఇటు నేను. ముప్ఫై ఒక్కచోట్ల. ఆవిడ పెడుతుంది, కాగితం తిప్పుతుంది, నేను సంతకం చేస్తాను, తిప్పుతాను. టైపు కొట్టిన అక్షరాలన్నీ నిటారుగా నిలబడి చూస్తున్నాయి.

పదో దాని దగ్గర నేనే అన్నాను, ముందే గట్టిగా అడగాల్సింది నువ్వు అని. ఏం మాటలివి, ఆ సమయానికి అవే వచ్చాయి. కామా తలెత్తలేదు. పదమూడు రోజులు మేడమ్ అంది. తాళం మీ దగ్గర ఉందని నాకు తెలుసు, ఈరోజు తెరుస్తారు, రేపు తెరుస్తారు అని కూర్చున్నాను, నా కూతురికి అన్నం పెడుతూ కూడా అదే ఆలోచన అంది. ఆ వాక్యంలో ఒక్క కామా కూడా వినబడలేదు నాకు.

క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. పదిహేనో దాని దగ్గర ఒకసారి, ఇరవయ్యో దాని దగ్గర ఒకసారి. రాలేదు. సంతకాలే వచ్చాయి.

అన్నీ అయ్యాక ఆవిడ కాగితాలు సర్దుకుని లేచింది. తలుపు దాకా వెళ్ళి ఆగింది. కేంద్రంలో ఒక పాత కట్టలో ఆ పత్రిక దొరికింది మేడమ్, అది చదివే నేను టీచర్ అవుదామనుకున్నాను అంది. నన్ను ఎగాదిగా చూసింది, కోపంగా కూడా కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టు. ఆ వ్యాసం మీరే రాశారా మేడమ్ అని అడిగింది.

అవునన్నాను. నమ్మిందో లేదో.

నీలం అట్ట నాకే వదిలేసి వెళ్ళింది. ఇంటికి తెచ్చాను. అత్తయ్య పువ్వు బొమ్మ చూసి ఎవరు గీశారే అంది. ఒక పిల్ల అన్నాను. ఒక రేకు పెద్దదైందే అంది. అయితే ఏం, ఎవరు నేర్పారో అడిగామా అన్నాను, కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు.

ఈ పుస్తకంలో గుర్తులు పెట్టనన్నాను. రెండు వాక్యాలకు పెట్టక తప్పదు. ఇరవై ఆరో పేజీలో ఒకటి మధ్యలో ఉంది, ఒకటి అంచున ఉంది.

“తప్పు రాసిన పిల్లను కొట్టివేతతో పలకరించకూడదు, ముందు ఇలా ఎవరు నేర్పారమ్మా అని అడగాలి.”

“ఈ దోమలన్నిటినీ తుడిచి వాలు అక్షరాలు పెట్టు. మళ్ళీ ఒక్క గుర్తు కనబడిందా, రిపోర్టు చించి చేతిలో పెట్టి, ఆయా పనికే పంపిస్తాను.”

రెండూ నావే.